ముక్కులో పీల్చే నొప్పి మందు ఒకరి అమానతు

ఆ మధ్య ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుండగా, ఒకప్పుడు మా వద్ద చదువుకున్న యువకుడొకడు ఎదురువచ్చి సలాం చేశాడు. ఆటో నడుపుకుంటూ తల్లినీ, భార్యాబిడ్డలనూ పోషించుకుంటున్న మంచి పిల్లవాడు. చొక్కా జేబులోనుంచి బొటనవేలంత సీసా ఒకటి తీసి మా చేతిలో పెట్టాడు. పైన చిన్న పంపు, ముక్కులో పెట్టుకోవడానికి సన్నని మూతి ఉన్నాయి. చూడటానికి జలుబు చేసినప్పుడు కొట్టుకునే స్ప్రేలాగే ఉంది.

“మౌల్వీ సాబ్, మా ఇంట్లో ఆమెకు ఆధా సీసీ ఉందని మీకు తెలుసు కదా. ఏ మాత్రకూ లొంగలేదు. వేసుకున్న మాత్ర వాంతిలో బయటికి వచ్చేస్తుంది. పెద్ద డాక్టరుగారు ఈ మందు రాసిచ్చారు. అల్లాహ్ దయవల్ల అరగంటలో నెమ్మదించింది. అయితే ఇందులో మత్తు ఉంటుందని మందుల షాపతను అన్నాడు. ఇది వాడవచ్చా?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేలోగానే రెండో మాట కూడా అడిగాడు. “అమ్మీకి కాన్సరు నొప్పి రాత్రిళ్లు ఓర్చుకోలేనంతగా ఉంటోంది. మార్ఫిన్ మాత్రలు వేసుకుంటున్నా తెల్లవార్లూ మూలుగుతూనే ఉంది. ఈ మందు ఆమె ముక్కులో కూడా ఒకసారి కొట్టమంటారా? కోడలే ఇస్తానంటోంది.”

నిజం చెప్పాలంటే “కొట్టు నాయనా, తల్లి బాధ తీర్చడం కంటే పెద్ద సవాబు ఏముంది” అనే మాట మా నాలుక చివరి వరకూ వచ్చింది. కాని మేము బడిపంతులమే గాని వైద్యులం కాము. తెలియని విషయంలో నోరు జారడం కూడా ఒక పాపమేనని గుర్తు తెచ్చుకుని, మా పూర్వ విద్యార్థుల్లోనే వైద్యుడైన ఒకాయనకు అక్కడి నుంచే ఫోను చేశాం. ఆయన విషయం విన్న వెంటనే, “ఆపండి ఉస్తాద్! అది ఆ తల్లికి మేలు చేయకపోగా, మార్ఫిన్ చేస్తున్న మేలును కూడా చెడగొడుతుంది” అన్నారు.

ఒక్క మంచి మాటతో ఒక ముసలితల్లిని ఎంతటి యాతనలోకి నెట్టబోయామో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత ఆ వైద్యుని వద్ద కూర్చుని ఈ మందును గురించి అడిగి తెలుసుకున్నాం. అవి మన కుటుంబాలన్నిటికీ తెలియడం ఎంతైనా అవసరమని భావించి ఇక్కడ పొందుపరుస్తున్నాం.

చిన్న సీసా, పెద్ద మందు

ఆ సీసాలోని మందు పేరు బ్యుటార్ఫనాల్. ఇది ప్రయోగశాలలో తయారైన మందే అయినా మార్ఫిన్ కుటుంబానికి చెందినది. అంటే నల్లమందు జాతి నొప్పి నివారిణుల్లో ఒకటి. ఇంజెక్షన్ రూపంలో 2 మిల్లీగ్రాముల బ్యుటార్ఫనాల్ దాదాపు 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ ఇంజెక్షన్‌కు సమానంగా నొప్పిని తగ్గిస్తుంది. దీన్నిబట్టి ఇది ఎంత బలమైనదో గ్రహించవచ్చు.

సాధారణంగా లభించే సీసాలో ఉండేది రెండున్నర మిల్లీలీటర్లు, అంటే అర టీ చెంచాడు మాత్రమే. ఒక్కొక్క మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పంపు ఒకసారి నొక్కితే 1 మిల్లీగ్రాము ముక్కులోకి వెళుతుంది. ఒక సీసాలో 14 లేక 15 మోతాదులు ఉంటాయి. మీకు ఇచ్చిన సీసాపై ఎంత రాసి ఉందో చూసుకోవడం, తెలియకపోతే షాపులో అడిగి తెలుసుకోవడం మంచిది.

అసలు చిక్కంతా ఇది జలుబు మందులాగా కనిపించడంలోనే ఉంది. ముక్కు దిబ్బడకు కొట్టుకునే మందు ఒకటి, ఎలర్జీ తుమ్ములకు వాడేది మరొకటి, ఎముకలు గుల్లబారిన వృద్ధులకు ఇచ్చే కాల్సిటోనిన్ స్ప్రే ఇంకొకటి. ఒంటి తలనొప్పికే సుమాట్రిప్టాన్ అనే వేరే స్ప్రే కూడా ఉంది. అది నల్లమందు జాతికి చెందదు గాని గుండెజబ్బు ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు దాన్ని వాడరాదు. ఇవన్నీ చూపుకు అన్నదమ్ముల్లా ఉంటాయి. గుణంలో ఒకదానికొకటి సంబంధమే లేదు. కాబట్టి సీసా ఆకారం చూసి కాదు, పేరు చదివి వాడాలి. ఇంట్లో చదువు రాని పెద్దలుంటే సీసాపై రంగు కాగితం అంటించి, ఇది ఫలానావారిదని చెప్పి ఉంచాలి.

ముక్కు ద్వారా ఎందుకు ఇస్తారు?

ముక్కులోపలి పలుచని పొర కింద సన్నని రక్తనాళాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. అక్కడ పడిన మందు నేరుగా రక్తంలో కలిసి, దాదాపు 15 నిమిషాలలో పని మొదలుపెడుతుంది. గంట, రెండు గంటల మధ్య దాని ప్రభావం పూర్తిస్థాయికి చేరుతుంది. ఇదే మందును మింగితే చాలా భాగాన్ని కాలేయం మధ్యలోనే విరిచేస్తుంది. పైగా ఆధా సీసీ వచ్చినవారికి కడుపు కదలిక మందగిస్తుంది, వాంతులవుతాయి. అందుచేత మాత్ర నిలవని చోట ముక్కు మందు అక్కరకు వస్తుంది.

ముక్కు ద్వారా మందు ఇవ్వడం మనకు కొత్త సంగతి కూడా కాదు. యునానీ వైద్యంలో దీన్ని సఊత్ అంటారు. దైవప్రవక్త (స) సఊత్ వాడినట్లు బుఖారీలోని ఒక ఉల్లేఖనం తెలుపుతున్నది. నల్లమందుకున్న నొప్పిని మొద్దుబార్చే గుణాన్ని గురించి ఇబ్నె సీనా తన అల్ ఖానూన్ గ్రంథంలో చర్చించిన సంగతి కూడా విదితమే.

వాడే పద్ధతి

కొత్త సీసా తెరిచినప్పుడు పంపులో గాలి ఉంటుంది. సీసాను మనిషి ముఖానికి దూరంగా పట్టుకుని, సన్నని తుంపర వచ్చేదాకా గట్టిగా, వేగంగా నొక్కాలి. ఇందుకు ఏడెనిమిదిసార్లు నొక్కవలసి రావచ్చు. ఆ తుంపర పిల్లల మీద పడకుండా చూసుకోవాలి. రెండు రోజులు, అంటే 48 గంటలు వాడకుండా ఉంచితే తిరిగి ఒకటి రెండుసార్లు బయటికి కొట్టి, తర్వాతే ముక్కులో పెట్టుకోవాలి. అలా చేయకపోతే మొదటి మోతాదు సరిగా పడదు. మందు పనిచేయలేదనుకుని మనం రెండోసారి కొట్టేస్తాం.

ముందుగా ముక్కు మెల్లగా చీది శుభ్రం చేసుకోవాలి. సీసా మూతిని ఒక రంధ్రంలో పావు అంగుళం మాత్రం లోనికి పెట్టి, ముక్కు వెనుక వైపుకు తిరిగేలా పట్టుకోవాలి. రెండో రంధ్రాన్ని చూపుడువేలితో మూసి, తలను కొద్దిగా ముందుకు వంచాలి. నోరు మూసుకుని, పంపును ఒక్కసారి గట్టిగా నొక్కుతూ మెల్లగా పీల్చాలి. తర్వాత సీసా తీసివేసి, తల కాస్త వెనక్కి వాల్చి మరికొన్ని క్షణాలు నెమ్మదిగా పీల్చాలి. గట్టిగా ఎగపీల్చితే మందు గొంతులోకి జారిపోతుంది. గొంతులోకి జారినది కడుపులోకే పోతుంది. అది చాలావరకు వృథా అయినట్లే.

మన ఇళ్లలో మరొక సంగతి గమనించాలి. వజూలో ముక్కులోకి మూడుసార్లు నీళ్లు ఎక్కించి చీదుతాం. మందు కొట్టుకున్న వెంటనే వజూ చేస్తే ముక్కులోనిది ముక్కులోనే కడుక్కుపోతుంది. నమాజు వేళ దగ్గరపడితే వజూ ముందే చేసుకుని, ముక్కు తుడుచుకుని, తర్వాత మందు వాడుకోవడం మేలు.

ఒక రంధ్రం, ఒక్కసారి

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. జలుబు మందు రెండు ముక్కుపుటాల్లోనూ కొట్టుకోవడం మనకు అలవాటు. చేయి అదే అలవాటుతో ఇటు ఒకటి, అటు ఒకటి కొట్టేస్తుంది. ఈ మందు విషయంలో అది రెట్టింపు మోతాదు అవుతుంది. మామూలుగా ఒక మోతాదు అంటే ఒక రంధ్రంలో ఒక్కసారి మాత్రమే. నొప్పి మరీ తీవ్రమై, రోగి మంచం మీదనే పడుకుని ఉండగలిగినప్పుడు వైద్యుడు రెండు రంధ్రాల్లో ఒక్కొక్కటి చెప్పవచ్చు. అది ఆయన చెప్పవలసిన మాటే గాని మనం తీసుకునే నిర్ణయం కాదు.

ఒకసారి కొట్టిన తర్వాత గంట నుంచి గంటన్నర వరకు ఓపిక పట్టాలి. అప్పటికీ తగ్గకపోతే, వైద్యుడు అనుమతించి ఉంటే రెండోసారి కొట్టుకోవచ్చు. ఆ తర్వాత మూడు నాలుగు గంటల వరకు సీసా జోలికి పోరాదు. వృద్ధులకు, కాలేయం లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మందు ఒంట్లోనుంచి త్వరగా పోదు. వారు రెండో మోతాదుకు గంటన్నర నుంచి రెండు గంటలు ఆగాలి. మళ్లీ మొదలుపెట్టాలంటే కనీసం ఆరు గంటల ఎడం ఉండాలి.

నొప్పిలో ఉన్న మనిషికి పది నిమిషాలు పది గంటల్లా తోస్తాయి. అందువల్ల వేళ గుర్తుపెట్టుకునే పని రోగికి అప్పగించక, ఇంట్లో మరొకరు కాగితం మీద రాసి ఉంచాలి. ఆ యువకునికి మేము చెప్పిన మొదటి సలహా ఇదే. సీసాకు ఒక చీటీ కట్టి, కొట్టిన ప్రతిసారీ తేదీ, గంట రాయమన్నాం.

మందు పడగానే తల తిరగడం, మగత, వికారం కలగడం సహజం. మొదటి రోజులలో కూర్చుని లేదా పడుకునే కొట్టుకోవాలి. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేవాలి. ఆ మగత పూర్తిగా పోయేదాకా బండి నడపడం, పొయ్యి దగ్గర నూనె మూకుడు పెట్టడం, బిడ్డను ఎత్తుకుని మెట్లు దిగడం కూడదు. నిలబడి నమాజు చేస్తే తూలిపడే స్థితి ఉంటే కూర్చుని చేసుకునే వెసులుబాటు ధర్మం ఇచ్చే ఉంది.

ముందుగా చెప్పవలసిన సంగతులు

వైద్యుని వద్ద మన ఆడవాళ్లు మొహమాటపడి సగం సంగతులు దాచుకుంటారు. ఈ మందు విషయంలో అలా చేయరాదు. ఆయాసం, ఉబ్బసం, నిద్రలో ఊపిరి ఆగే గురక వ్యాధి, తలకు తగిలిన గాయం, గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బులు ఉంటే చెప్పాలి. గర్భం ఉన్నా, పాలిచ్చే తల్లి అయినా తప్పక చెప్పాలి. గతంలో ఏ మత్తుకైనా అలవాటు పడి ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి.

వేసుకునే ఇతర మందులను కూడా చూపాలి. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే ఆల్‌ప్రజోలం వంటి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్ర తెప్పించే జలుబు మాత్రలు ఈ మందుతో కలిస్తే మత్తు ఒకదానిపై ఒకటి పేరుకుని ఊపిరి మందగించవచ్చు. మద్యం సంగతి వేరే చెప్పనక్కరలేదు. ముక్కు దిబ్బడకు కొట్టుకునే కొన్ని స్ప్రేలు రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి. వాటి తర్వాత ఈ మందు కొట్టుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. ఆ ఆలస్యం చూసి తొందరపడి మరో మోతాదు కొట్టుకోవడం ప్రమాదకరం.

ఆ తల్లికి ఎందుకు వద్దన్నారు?

మన మెదడులో, వెన్నుపాములో నొప్పి కబురును ఆపే స్థానాలున్నాయి. వాటిని తాళాలనుకుంటే మార్ఫిన్ తాళంచెవి వంటిది. అది తాళంలో దూరి పూర్తిగా తిరుగుతుంది. నొప్పి తలుపు మూతపడుతుంది. బ్యుటార్ఫనాల్ తత్వం వేరు. అది ఒక రకం తాళాన్ని బాగానే తిప్పుతుంది గాని, మార్ఫిన్ పనిచేసే తాళంలోకి దూరినప్పుడు పూర్తిగా తిరగదు. తాను తిరగకపోగా అప్పటికే అక్కడున్న మార్ఫిన్‌ను బయటికి నెట్టేస్తుంది.

రోజూ మార్ఫిన్ వాడుతూ దానికి అలవాటు పడిన శరీరంలో ఇలా జరిగితే అణిగి ఉన్న నొప్పి ఒక్కసారిగా తిరగబెడుతుంది. చెమటలు, వణుకు, వాంతులు, విరేచనాలు, గుండెదడ, చెప్పలేని ఆందోళన కలుగుతాయి. కోడలు ప్రేమతో ఇచ్చిన మందు అత్తగారికి ఆ రాత్రిని నరకం చేసి ఉండేది.

ఇందులో మరో విచిత్రం కూడా ఉంది. ఫెంటానిల్ అనే మందును కాన్సరు నొప్పి ఉండి ఉండి ఎగసిపడినప్పుడు వాడటానికి స్ప్రే రూపంలో ఐరోపా దేశాలలో 2009లో అనుమతించారు. అది అప్పటికే మార్ఫిన్ వంటి మందులకు అలవాటు పడినవారికి మాత్రమే ఇవ్వాలి. అలవాటు లేనివారు ఒక్కసారి పీల్చినా ఊపిరి ఆగిపోవచ్చు. చూడండి, రెండూ ముక్కు మందులే, రెండూ నొప్పికే. కాని ఒకటి మార్ఫిన్ వాడుతున్నవారికి కీడు చేస్తుంది, రెండోది వాడనివారి ప్రాణం తీయగలదు. ఒకరికి రాసిన మందు మరొకరికి ఎందుకు ఇవ్వకూడదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

గల్ఫ్ దేశాలలో ఉన్న మన పిల్లలకు మందులు పంపడం, వారు సెలవులో వస్తూ మందులు తేవడం మామూలే. ఈ జాతి మందులు అలా చేతులు మారకూడదు. నియంత్రణలో ఉన్న మందులను అనుమతి పత్రాలు లేకుండా తీసుకువెళ్లడాన్ని ఆ దేశాలు నేరంగా పరిగణిస్తాయి. పెట్టెలో పచ్చడి సీసాతోపాటు అమాయకంగా పెట్టిన సీసా కొడుకును జైలుపాలు చేయవచ్చు.

అలవాటు అనే ఉచ్చు

అమెరికాలో ఈ స్ప్రేకు 1991లో అనుమతి లభించింది. అప్పట్లో దాన్ని నియంత్రిత మందుల జాబితాలో చేర్చలేదు. కాలం గడిచేకొద్దీ దానికి బానిసలైనవారి ఉదంతాలు బయటపడ్డాయి. చివరకు 1997లో ఆ దేశం దీన్ని నియంత్రిత మందుల నాలుగో తరగతిలో చేర్చింది. సూది లేదు, మాత్ర లేదు, ముక్కులో పీల్చేదే కదా అనే చులకన భావం ఎంత ఖరీదైనదో ఆ ఆరేళ్లూ నేర్పాయి.

తలనొప్పి ఉన్నవారికి మరొక ఉచ్చు కూడా ఉంది. ఈ జాతి మందులను నెలలో 10 రోజులు, అంతకు మించి వాడుతూ మూడు నెలలు దాటితే, ఆ మందే తలనొప్పిని తెచ్చిపెట్టే స్థితి వస్తుంది. నొప్పి వచ్చిందని మందు, మందు వల్ల నొప్పి, మళ్లీ మందు. గానుగెద్దు తిరిగినట్లు మనిషి అందులోనే తిరుగుతాడు. అందుకే వైద్యులు ఆధా సీసీకి దీన్ని మొదటి మందుగా ఎంచుకోరు. ఇతర మందులు పనిచేయనప్పుడు, అదీ అప్పుడప్పుడు వాడుకోవడానికే ఇస్తారు. నెలకు ఒక సీసా సరిపోయిన వారికి రెండు అవసరమవుతున్నాయంటే దాచుకోక వైద్యునికి చెప్పాలి. చాలాకాలం రోజూ వాడినవారు ఉన్నపళంగా మానివేయడం కూడా మంచిది కాదు. ఆయన చెప్పిన ప్రకారం క్రమంగా తగ్గించుకోవాలి.

నిషా, రోజా

ఇక ఆ యువకుడు అడిగిన మొదటి ప్రశ్నకు వద్దాం. మత్తు కలిగించేది ధర్మంలో నిషిద్ధమన్నది తిరుగులేని మాట. అయితే మత్తు కోసం సేవించడం వేరు, భరించలేని నొప్పికి నమ్మకమైన వైద్యుడు వేరే దారి లేక ఇచ్చిన మందును, చెప్పిన కొలత మేరకు వాడటం వేరు. అవసరం ఏర్పడినప్పుడు అవసరమైనంత మేరకు అనుమతి ఉంటుందని ధర్మవేత్తలు వివరించారు. ఇక్కడ “అవసరమైనంత మేరకు” అన్న మాట ముఖ్యం. మొదటిసారి కొట్టుకున్నది నొప్పికై, రెండోసారి కొట్టుకున్నది ఆ హాయికోసమైతే, సీసా అదే అయినా హద్దు దాటినట్లే.

రమజానులో ఈ ప్రశ్న మరోరకంగా వస్తుంది. ఉపవాసంలో లేనప్పుడు వజూలో ముక్కులోకి నీళ్లు బాగా ఎక్కించమని, ఉపవాసంలో ఉంటే అలా చేయవద్దని దైవప్రవక్త (స) లఖీత్ బిన్ సబిరా (రజి)కు బోధించారు. దీని ఆధారంగా హనఫీ ధర్మవేత్తలు ముక్కులో వేసిన మందు గొంతులోకి దిగితే రోజా భంగమవుతుందని చెబుతారు. 1997లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ మాత్రం, గొంతులోకి వచ్చినదాన్ని మింగకుండా జాగ్రత్తపడితే ముక్కు చుక్కలు, స్ప్రేల వల్ల రోజా భంగం కాదని తీర్మానించింది. మీరు అనుసరించే ఆలిమును అడిగి ఆచరించండి.

రెండు అభిప్రాయాల వారూ ఏకీభవించే విషయం ఒకటుంది. రోగికి రోజా వాయిదా వేసుకునే అనుమతిని అల్ బఖరా సూరాలో సాక్షాత్తూ అల్లాహ్‌యే ఇచ్చాడు. రోజా పోతుందని పగలంతా తల గోడకు కొట్టుకుంటూ గడిపి, ఇఫ్తారు కాగానే ఆత్రంగా రెండు మూడు మోతాదులు ఒకేసారి పీల్చడం భక్తి కాదు, అపాయం. నొప్పి తీవ్రమైతే మందు వాడుకుని, ఆ రోజాను తర్వాత ఖజా చేసుకోవచ్చు.

ప్రమాద సూచనలు

ఎంత పిలిచినా, తట్టినా లేవకపోవడం, ఊపిరి చాలా నెమ్మదిగా లేదా ఆగి ఆగి రావడం, గొంతులో గురగుర శబ్దం, పెదవులు, గోళ్లు నీలంగా మారడం కనిపిస్తే అది గాఢనిద్ర కాదు. మందు ఎక్కువై ఊపిరి మందగిస్తోందని అర్థం. వెంటనే 108కి ఫోను చేయాలి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో నీళ్లు, కాఫీ పోయరాదు. సీసాను ఆస్పత్రికి వెంట తీసుకువెళ్లాలి. ఈ జాతి మందుల ప్రభావాన్ని విరిచే నలాక్సోన్ అనే మందు ఉంది. ఏ మందు పడిందో తెలిస్తే వైద్యుడు ఆలస్యం చేయకుండా దాన్ని ఇవ్వగలుగుతాడు.

సీసాను కిటికీలోనో, అద్దం ముందో, దిండు కిందో పెట్టక, బీరువాలో తాళం వేసి ఉంచాలి. పసిపిల్లలకు అది ఆటబొమ్మ. ఈడొచ్చిన పిల్లలకు అది మరో రకమైన ఆకర్షణ. ఎండలో నిలిపిన ఆటోలోనో, కారులోనో వదలరాదు. నొప్పి పోయాక మిగిలింది కదా అని దాచిపెట్టరాదు. పంపు విప్పి, మందు పారబోసి, సీసా కడిగి, పిల్లల చేతికి అందకుండా పారేయాలి.

ఆ ఇంట్లో తర్వాత జరిగింది

మర్నాడే ఆ యువకుడు తల్లి చీటీలు పట్టుకుని ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టరు వద్దకు వెళ్లాడు. విచారిస్తే తేలిన సంగతి మమ్మల్ని మరింత కలవరపెట్టింది. నాలుగు గంటలకొకసారి వేసుకోవలసిన మాత్రను ఆమె రోజుకు రెండుసార్లే వేసుకుంటోందట. “మత్తు మందు బిడ్డా, ఎక్కువ వేసుకుంటే కల్మా చదివే తెలివి కూడా ఉండదేమో” అని భయపడి మిగతావి కొంగున కట్టి దాచిందట! డాక్టరు ఆమెకు ఓపికగా నచ్చజెప్పి, వేళకు మాత్ర వేసుకోవడం, మధ్యలో నొప్పి ఎగసిపడితే అదే మార్ఫిన్ అదనపు మోతాదు ఎప్పుడు వేసుకోవచ్చు, మలబద్ధకానికి ఏం వాడాలి అన్నీ రాసిచ్చారు. వారం తర్వాత ఆ పిల్లవాడు కనిపించి, “అమ్మీ రాత్రిళ్లు నిద్రపోతోంది మౌల్వీ సాబ్. ఫజ్రుకు తనే లేచి కూర్చుంటోంది” అన్నాడు.

ఒకే ఇంట్లో రెండు పొరపాట్లు చూశాం. ప్రేమ కొద్దీ ఒకరి మందు మరొకరికి ఇవ్వబోవడం మొదటిది. భయం కొద్దీ తన మందును తానే సగం మానుకోవడం రెండోది. రెండింటికీ మూలం ఒక్కటే, అడిగి తెలుసుకోకపోవడం. మన దేశంలో 1985 నాటి చట్టం కఠినత్వం వల్ల నొప్పితో ఉన్నవారికి మార్ఫిన్ దొరకడం చాలా కాలం దుర్లభమైంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి కొంత సుగమం చేశారు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రి వంటి చోట్ల నొప్పి ఉపశమనానికి ప్రత్యేక విభాగం ఉంది. తగ్గని నొప్పికి జవాబు పక్కమంచం మీది వారి సీసా కాదు, అలాంటి వైద్యుని వద్దకు వెళ్లడం.

ఎవరైనా మన వద్ద ఒక వస్తువు దాచమని ఇస్తే దాన్ని మనం వేరొకరికి ధారాదత్తం చేయం. అది అమానతు. వైద్యుడు ఒకరి ఒంటి తీరు, వయసు, జబ్బు, ఇతర మందులు అన్నీ చూసి ఇచ్చిన మందు కూడా అటువంటి అమానతే. దాన్ని ఆ ఒక్కరికే, ఆ కొలతలోనే, ఆ వేళకే వాడుదాం. ఆ రోజు మస్జిదు మెట్ల మీద మా నాలుక చివర ఆగిపోయిన మాటకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుంటూనే ఉన్నాం. వ్యాధిగ్రస్తులందరికీ ఆయన స్వస్థత ప్రసాదించుగాక! వారికి సేవ చేసే చేతులకు ప్రేమతోపాటు తెలివిని కూడా అనుగ్రహించుగాక! ఆమీన్.